కూల్ షర్ట్ పనిచేయట్లేదా? లోపం పట్టుకునే దారి

కూల్ షర్ట్ అంటే రేసు డ్రైవర్ ఒంటిని చల్లబరిచే షర్టు: బాక్సులోని ఐసు నీళ్లను పంపు దాని సన్నని ట్యూబుల్లో తిప్పుతుంది. అది చల్లబరచకపోతే, ఐస్‌ను అనుమానించే ముందు నీటి ప్రవాహం చూడండి. షర్టు విప్పేసి, బాక్సు నుంచి పోయే గొట్టాన్ని తిరిగొచ్చే గొట్టానికి నేరుగా తగిలించి పంపు వేయండి. నీరు ధారగా బాక్సులో పడితే పంపు, కరెంటు బాగున్నట్టే. లోపం షర్టులోనో, దాన్ని తగిలించే కనెక్టర్లోనో ఉంది.

పంపు మోగుతోంది, ఒళ్లు చల్లబడట్లేదు

గ్యారేజీలో బాగా పనిచేసి, ట్రాక్ మీద ఆగిపోతే బెల్టులే కారణం అనుకోవచ్చు. భుజం బెల్టు బిగించగానే షర్టులోని సన్నని ట్యూబులు మడతపడి నొక్కుకుపోతాయి. డ్రైవర్‌ని కూర్చోబెట్టి, షర్టు ముడతలు లాగి సరిచేసి, బెల్టులు రేసుకు బిగించినంతా బిగించాకే బాక్సులో పడే ధార చూడండి. బెల్టులు లేకుండా చూసిన పరీక్ష లెక్కలోకి రాదు.

ధార తుంపరగా, బుడగలతో వస్తుంటే లోపల గాలి చేరింది. పంపు నోరు మునిగేలా నీళ్లు పోసి, బుడగలు ఆగేదాకా నడపండి. కనెక్టర్ టక్కుమని పడకపోతే దాని కవాటం తెరుచుకోదు. కనెక్టర్లోని ఓ-రింగ్‌కు (నీరు కారకుండా ఆపే రబ్బరు రింగుకు) కాస్త సిలికాన్ గ్రీజు రాయండి. ట్యూబుల్లో పాచి పట్టకుండా డిస్టిల్డ్ వాటర్ వాడి, రేసయ్యాక నీరంతా ఊదేసి ఆరబెట్టండి.

మొదట చల్లగా ఉండి, తర్వాత వేడెక్కుతోంది

ఐస్ అయిపోయింది. కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. షర్టు ఒంటి నుంచి 200 వాట్లు లాగుతుందనుకుంటే కిలో వచ్చేది 28 నిమిషాలే. బాక్సు, గొట్టాలు కూడా బయటి వేడిని పీలుస్తాయి కాబట్టి గంట రేసుకు రెండు కిలోలతో సరిపెట్టకుండా నాలుగు వేసుకోండి. పెద్ద గడ్డ నిదానంగా కరుగుతుంది. దాని చుట్టూ చిన్న ముక్కలు, సందుల్లో నీళ్లు. బరువని ఐస్ తగ్గించేవాళ్లుంటారు, కానీ వేడి హెచ్చరిక ఉన్న రేసుల్లో ఈ ఏర్పాటు కోసం ఫార్ములా 1 సైతం 2025లో కారు కనీస బరువు పెంచింది.

నీరు వేడెక్కిందా, పంపు కట్టేయండి. లేకపోతే క్యాబిన్ వేడినంతా తెచ్చి ఒంటికి ఎక్కిస్తుంది. గొట్టాలకు నురగ తొడుగు వేయండి, ఎగ్జాస్ట్‌కు దూరంగా తిప్పండి.

పంపు తిరగట్లేదు

ఫ్యూజు చూడండి. తర్వాత స్విచ్ వేసి ఉంచి, పంపు దగ్గరే మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ దగ్గర 12 వోల్టులు ఉండి ఇక్కడ 10 చూపిస్తే ఎర్త్ వైరో కనెక్టరో తుప్పుపట్టింది.

వణుకు

నీరు మరీ చల్లన. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి బయటికి రాదు. పంపు ఆపి ఆపి నడపండి.

పాదాలు కాలుతున్నాయి, తలనొప్పి

ఇది షర్టు తీర్చే బాధ కాదు. చీకట్లో ఇంజిన్ వైపు టార్చి పెట్టి క్యాబిన్‌లోంచి చూడండి. వెలుతురు కనిపించిన ప్రతి కంతా వేడిని, పొగను లోపలికి తెస్తోంది. రేకు, మంటను తట్టుకునే సీలెంట్‌తో మూయండి. పెడళ్ల కింద హీట్ షీల్డును నేలకు అతికించకుండా ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచండి.

తలనొప్పితో పాటు వికారం ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అనుమానించి వెంటనే పిట్‌లోకి రప్పించండి. హెల్మెట్ బ్లోయర్‌లో (హెల్మెట్‌లోకి గాలి ఊదే ఫ్యానులో) బొగ్గు ఫిల్టర్ ఉందని ధీమా పడొద్దు: అది పెట్రోలు వాసనను పడుతుంది, ఈ వాయువును పట్టదు, అందుకు ప్రత్యేకమైన కెటలిస్ట్ (ఉత్ప్రేరకం) కావాలి. ఎగ్జాస్ట్ జాయింట్లు బిగించి, బ్లోయర్ గాలిని పొగ చేరని చోటు నుంచి తీసుకునేలా మార్చేదాకా కారును మళ్లీ ట్రాక్ ఎక్కించకండి.