చెప్పుల లైన్ తగ్గించే జీలుగ

యూరియా బస్తా కోసం దుకాణం ముందు చెప్పులు లైన్‌లో పెట్టి కాచుకోవడం మనకు తెలిసిందే. 2022లో రష్యా ఉక్రెయిన్ మీదికి పోయిన ఏడు, అంతకుముందు వెయ్యి రూపాయల చుట్టూ ఉన్న పొటాష్ బస్తా మన దగ్గర 1,700 దాకా ఎక్కింది. పొటాష్ దాదాపు అంతా బయటి దేశాలదే. రష్యా, బెలారుస్ అందులో పెద్ద అమ్మకందారులు. యూరియా రామగుండంలోనే తయారవుతుంది కదా అనుకుంటాం. ఆ ఫ్యాక్టరీకి ముడిసరుకు సహజవాయువు, దేశం వాడే గ్యాస్‌లో ఇంచుమించు సగం ఓడల్లో రావాలి. గల్ఫ్ ఓడలు దాటే ఇరుకు సముద్రదారి హోర్ముజ్ జలసంధి దగ్గర అవి ఆగితే ఆ సెగ నర్సంపేట దుకాణం దాకా వస్తుంది. మందు బస్తాల అవసరాన్ని కొంతైనా మన మడిలోనే తీర్చుకోవాలి. వరికి అందుకు తేలిక దారి జీలుగ, అంటే నాటుకు ముందు పెంచి పచ్చిగానే నేలలో కలియదున్నే పచ్చిరొట్ట పైరు.

రోహిణి కార్తెలో, మే చివరన, పొలం తడిపి ఎకరానికి 10 నుంచి 12 కిలోల విత్తనం చల్లండి. గింజ గట్టిది. ముందు రాత్రి నానబెడితే మొలక సమంగా వస్తుంది. జనుము కూడా మంచిదే కానీ నీళ్లు నిలిచే మడిలో చచ్చిపోతుంది, చెరువు కింది పొలాలకూ చౌడుకూ జీలుగే సరి. నారు జూన్ 20 తర్వాత పోసుకుంటే లెక్క కుదురుతుంది.

అసలు కీలకం కలియదున్నే రోజు. 45 రోజులకు, పూత మొదలవుతుండగా దున్నాలి. ఇంకొంచెం ఎదగనిద్దామని 60 రోజులు ఆగితే కాండం కట్టెబారుతుంది, కుళ్లదు, పైగా నేలలోని నత్రజనిని తానే పట్టుకుంటుంది. మడిలో నీళ్లు పెట్టి, భూసార పరీక్షలో భాస్వరం అవసరమని తేలితే ఎకరానికి 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) చల్లి, ట్రాక్టర్‌కు కేజ్‌వీల్ (ఇనుప చక్రాలు) కట్టి తొక్కించండి. తర్వాత 7 నుంచి 10 రోజులు ఆగాలి. కూలీలు దొరికారని మూడో రోజే నాటు వేస్తే కుళ్లే ఆకు వేడికి, వాయువులకు వేర్లు దెబ్బతిని నారు పసుపు పడుతుంది. అలా జరిగితే యూరియా చల్లకండి, నీళ్లు తీసేసి మడిని రెండు రోజులు ఆరనివ్వండి.

45 కిలోల యూరియా బస్తాలో ఉండేది సుమారు 21 కిలోల నత్రజని. బాగా ఎదిగిన జీలుగ దాదాపు అంత ఇస్తుంది. అందుకే మొదటి ఏడు ఎకరానికి ఒక్క బస్తా మాత్రమే తగ్గించండి. శ్రీలంక 2021లో రసాయన ఎరువులను ఒక్కసారిగా నిషేధించింది. రైతుల నిరసనలతో నవంబర్‌కే వెనక్కి తగ్గాల్సి వచ్చింది, దిగుబడీ పడిపోయింది. నేలకు అలవాటయ్యే గడువు ఇవ్వాలి.

పొటాష్ సంగతి ఇంకా సులువు. వరి పీల్చుకున్న పొటాష్‌లో ముప్పాతిక పైనే గడ్డిలో ఉంటుంది. కొయ్యకాళ్లు తగలబెడితే నత్రజని, గంధకం పొగలో పోతాయి, పొటాష్ ఉన్న బూడిద గాలివానలకు కొట్టుకుపోతుంది. కాల్చకుండా నీళ్లు పెట్టి రోటవేటర్‌తో కలపండి, రెండు వారాలు మాగనివ్వండి.

భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీని పై మందుగా (నాటు తర్వాత) వేయడం మాత్రం ఇప్పుడే మానేయండి. భాస్వరం దుక్కిలోనే పడాలి, అదీ భూసార పరీక్ష చేయించాకే. మన నేలల్లో చాలాచోట్ల అది ఇప్పటికే పేరుకుని ఉంది. ఎకరంలో 8, 10 చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో ఇస్తే చాలు. ఒడ్డు మీద, చెట్టు కింద, పెంట కుప్ప దగ్గర తీయొద్దు.

ఒక మడికి పాత మోతాదే వేసి ఉంచండి. కోత నాడు ఆ వడ్లనూ జీలుగ మడి వడ్లనూ వేర్వేరుగా తూకం వేస్తే, వచ్చే ఏడు ఇంకో బస్తా తగ్గించాలో లేదో తెలుస్తుంది.