జీఎఫ్ఎస్2 వచ్చింది, లాకింగ్ రాలేదు

గుంటూరు బ్రాడీపేటలో మా ఆఫీసు. రెండు సర్వర్లకు ఒకే డిస్కు పెట్టాలని లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) నేనే కంపైల్ చేశాను. కెర్నల్ ఆప్షన్లు ఎంచుకునే మెనూకాన్ఫిగ్‌లో జీఎఫ్ఎస్2కి (ఒకే డిస్కును పలు సర్వర్లు పంచుకునే ఫైల్‌సిస్టమ్) 'ఎం', అంటే విడి మాడ్యూల్, పెట్టాను. మాడ్యూల్ లోడయింది, డిస్కు మౌంట్ (వాడకానికి జోడించడం) మాత్రం కాలేదు. సర్వర్లు ఒకరి రాతలను ఒకరు చెరపకుండా లాక్‌లు వేసే లాక్_డీఎల్ఎం ప్రోటోకాల్ దొరకలేదంది. సర్వర్ల మధ్య లాక్‌లే లేని లాక్_నోలాక్‌తో ఎక్కింది గానీ, రెండు సర్వర్లూ అలా రాస్తే డేటా గోవిందా!

మళ్లీ మెనూ తెరిస్తే, డీఎల్ఎం లాకింగ్ అనే ఆప్షనే లేదు. స్లాష్ కొట్టి వెతికితే గుట్టు బయటపడింది: ముందు డీఎల్ఎం (సర్వర్ల మధ్య లాక్‌లు చూసే కెర్నల్ భాగం) ఆన్ కావాలి, దానికి సెట్టింగుల కోసం కెర్నల్‌లోని కాన్ఫిగ్‌ఎఫ్ఎస్ కావాలి. జీఎఫ్ఎస్2 'వై' (కెర్నల్‌లోనే కలిపేది) అయితే డీఎల్ఎం కూడా 'వై'యే. నాది మాడ్యూలే కాబట్టి రెండూ 'ఎం'. మళ్లీ బిల్డ్ చేస్తుండగా కరెంటు పోయింది, అది వేరే కథ. రీబూట్ చేసి, డీఎల్ఎంను చూసుకునే నేపథ్య ప్రోగ్రామ్ డీఎల్ఎం_కంట్రోల్డీ నడిపాక రెండు సర్వర్లలోనూ మౌంటయింది.