ఒకే ఇంజిన్, వేర్వేరు బ్యాడ్జీలు – నాలుగో పాఠం: కోడ్ చదివి జోడీ పట్టడం

పోయిన పాఠంలో బ్లాకు మీద ఇంజిన్ నంబరు ఎక్కడ కొట్టి ఉంటుందో వెతకడం నేర్చుకున్నాం. గ్రీజు తుడిచి ఆ నంబరు నోటుపుస్తకంలో రాసుకునే ఉంటారు. ఈసారి దాని ముందున్న నాలుగైదు అక్షరాలు, అంటే ఇంజిన్ కోడ్, చదువుదాం. ఆ ఇంజిన్ ఇంకే కంపెనీ పికప్‌లో ఉంది, అందులోని సామాను ఇందులో ఏది పడుతుంది, ఏది పట్టదు అన్నది తేల్చడమే ఈ పాఠం పని.

మనకు దగ్గరి బండితో మొదలుపెడదాం. శ్రీసిటీ ప్లాంటులో ఇసుజు 2016 నుంచి డి-మాక్స్ వి-క్రాస్ తయారుచేస్తోంది. మొదట వచ్చిన బండ్లలో ఇంజిన్ కోడ్ 4జేకే1. ముందున్న 4 అంటే నాలుగు సిలిండర్లు. తర్వాతి 'జే' ఇంటిపేరు లాంటిది, 'కే' ఆ ఇంట్లో ఒకరి పేరు. ఇదే ఇంట్లో 4జేజే1 అని ఇంకొకటి ఉంది. రెండింటి బోర్, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 95.4 మిల్లీమీటర్లే. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, మాత్రం 4జేకే1కి 87.4, 4జేజే1కి 104.9.

ఒకసారి లెక్క కట్టి చూడండి. బోర్‌లో సగం 47.7. దాన్ని దానితోనే గుణించి, 3.1416తో గుణించి, స్ట్రోక్‌తో, చివరగా నాలుగు సిలిండర్లతో గుణించండి. వచ్చినదాన్ని వెయ్యితో భాగిస్తే 4జేకే1కి 2,499 సీసీ వస్తుంది. 4జేజే1కి 2,999. ఈ లెక్క మీ చేతికి అలవాటు కావాలి. బ్యాడ్జి, అంటే బండి మీది కంపెనీ పేరు, మారొచ్చు, కోడ్ కూడా మారొచ్చు, కానీ సిలిండర్ కొలత మారదు. బోర్ ఒకటే కదా అని పిస్టన్లు కూడా ఒకటే అనుకోకండి. స్ట్రోక్ మారితే పిస్టన్‌ను కదిలించే క్రాంక్ మారుతుంది, దానితో పాటు ఇంకేం మారిందో పార్ట్ నంబరే చెప్పాలి.

ఇప్పుడు జోడీ పడదాం. 2008లో ఆస్ట్రేలియాలో హోల్డెన్ కొలరాడో పేరుతో అమ్మిన పికప్‌లో ఉన్న డీజిల్ ఇంజిన్ ఈ ఇసుజు 4జేజే1నే. మరి 2012లో వచ్చిన కొత్త కొలరాడోలో? చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. డి-మాక్స్‌తో దాని చుట్టరికం పోలేదు, రెండు కంపెనీలూ కలిసి తయారుచేసుకున్న పునాది మీదే ఆ రెండు బండ్లూ వచ్చాయి. కానీ ఇంజిన్ ఇసుజుది కాదు. ఇటలీలోని వీఎం మోటోరి డిజైన్ మీద థాయ్‌లాండ్‌లోని రయోంగ్‌లో తయారైన డ్యూరామాక్స్ అనే ఇంజిన్. పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ముల్లా కనిపించే రెండు బండ్లలో ఇంజిన్ సామాను ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

ఈ విషయం గట్టిగా మనసులో నాటుకోవాలంటే మాజ్దా బీటీ-50 చూడాలి. 2006లో వచ్చిన బండిలో మాజ్దా, ఫోర్డ్ రేంజర్‌లకు ఉమ్మడిగా ఉన్న 2.5, 3.0 లీటర్ డీజిల్ ఇంజిన్లు. 2011లో వచ్చినదాంట్లో ఫోర్డ్ వారి అయిదు సిలిండర్ల 3.2 లీటర్. 2020లో వచ్చినదాన్ని మాజ్దా ఇసుజుతో చేతులు కలిపి తెచ్చింది కాబట్టి ఇంజిన్ 4జేజే3 అయింది, బండినీ థాయ్‌లాండ్‌లో ఇసుజునే తయారుచేస్తోంది. పేరు మాత్రం 2006 నుంచి అదే. కాబట్టి ఎవరైనా "బీటీ-50కి ఫిల్టర్ కావాలి" అంటే వెంటనే అలమర వైపు వెళ్లకండి. ఏ సంవత్సరం బండి అని అడగండి. ఆ తర్వాత కోడ్ అడగండి.

కొన్నిచోట్ల కోడ్ కూడా దారి తప్పిస్తుంది. 2017లో వచ్చిన మెర్సిడెస్ ఎక్స్-క్లాస్ పికప్‌లో 2.3 లీటర్ ఇంజిన్‌ను ఆ కంపెనీ ఓఎం699 అని పిలిచింది. అది నిజానికి నిస్సాన్ నవారాలో వైఎస్23 పేరుతో ఉన్న రెనో-నిస్సాన్ ఇంజినే. అదే బండిలో పెద్దదైన వీ6 ఓఎం642 మాత్రం మెర్సిడెస్ సొంతం. ఇలాంటిచోట బోర్, స్ట్రోక్ కొలతలు పోల్చి చూసుకోవడమే దారి.

ఇక సామాను సంగతి. మన షాపుల్లో హాఫ్ ఇంజిన్ అంటామే, ఆ లోపలి ఇనుము, అంటే క్రాంక్, కనెక్టింగ్ రాడ్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, ఇవి ఒకే కోడ్ ఉన్న ఇంజిన్ల మధ్య కలిసే అవకాశం ఎక్కువ. బండికి బిగించే భాగాలు, బండితో మాట్లాడే భాగాలు కలవడం తక్కువ. ఆయిల్ చాంబర్‌నే తీసుకోండి. 4x4 బండిలో ముందు చక్రాలను తిప్పే డిఫరెన్షియల్‌కి చోటు ఇవ్వాలి కాబట్టి దాని ఆకారమే వేరుగా ఉంటుంది. ఇంజిన్ మౌంటింగులు, డైనమో పట్టీలు, టర్బో నుంచి వచ్చే పైపులు, సైలెన్సర్, వైరింగ్ అన్నీ ఛాసిస్‌ను బట్టి మారతాయి. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ ఈసీయూ సంగతి మరీ వేరు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ తల మీద చెక్కిన కోడ్‌ను ఈసీయూలో ఎక్కించకపోతే ఇంజెక్టర్ సరిపోయినా బండి సరిగ్గా నడవదు.

బ్లాకుకూ హెడ్‌కూ మధ్య వేసే హెడ్ గ్యాస్కెట్ దగ్గర మాత్రం ప్రత్యేకంగా ఆగాలి. నేను పని నేర్చుకునే రోజుల్లో కోడ్ సరిపోయింది కదా అని ఒక బండికి గ్యాస్కెట్ తెప్పించి బిగించాను. ఆ తర్వాత పొద్దున్నే స్టార్ట్ అవ్వడం కష్టమైంది, తెల్లపొగ. మళ్లీ విప్పితే కారణం దొరికింది. ఒకే ఇంజిన్‌కు గ్యాస్కెట్ రెండు మూడు మందాల్లో వస్తుంది. పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తోందో డయల్ గేజీతో కొలిచి, దాన్ని బట్టి మందం ఎంచుకోవాలి. నేను వేసింది మందంగా ఉండి కంప్రెషన్ తగ్గింది. పలచనిది వేసి ఉంటే పిస్టన్ హెడ్‌కు తగిలేది. గ్యాస్కెట్ అంచున గాట్లు గానీ, రంధ్రాలు గానీ ఉంటాయి, అవే మందం గుర్తులు. పాతది విప్పగానే ముందు ఆ గుర్తులు లెక్కపెట్టి రాసుకోండి. యజమాని ఎంత తొందరపెట్టినా, ఎంత టెన్షన్ ఉన్నా ఈ పని వదలకండి.

ఈ వారం సాధన ఇది. మిత్సుబిషి ఎల్200 పికప్‌లో వాడిన 4డి56కి బోర్ 91.1, స్ట్రోక్ 95. హ్యుందాయ్ పోర్టర్‌లో వచ్చిన డి4బీహెచ్‌కీ ఇవే కొలతలు. రెండింటి సీసీ లెక్క కట్టండి. తర్వాత నోటుపుస్తకంలో రెండు నిలువు గీతలు గీసి, ఒకపక్క ఈ రెండింటి మధ్య కలుస్తాయనుకున్న సామాను, రెండోపక్క కలవవనుకున్నవి రాయండి. ప్రతిదాని ఎదుట కారణం ఒక ముక్కలో రాయాలి. వచ్చే పాఠం ఇంజెక్టర్ కోడ్ చదివి ఈసీయూలో ఎక్కించడం గురించి కాబట్టి, వీలైతే ఒక పాత ఇంజెక్టర్ దగ్గర పెట్టుకోండి.