చారిత్రక రైలు వంతెనను, దాని సంరక్షణను ఎలా పరిశీలించాలి

పాత రైలు వంతెనను చూడటానికి వెళ్లేవారిలో చాలామంది దూరం నుంచి దాని ఆకారాన్ని చూసి, ఒక ఫోటో తీసుకుని తిరిగి వచ్చేస్తారు. నూరేళ్లు దాటిన ఆ నిర్మాణం నేటికీ రైళ్లను ఎలా మోయగలుగుతోందో తెలుసుకోవాలంటే మాత్రం దాని అతుకుల దగ్గర, ఆనికల దగ్గర, నీరు నిలిచే మూలల దగ్గర చూపు నిలపాలి.

బయలుదేరే ముందే వంతెనను ఏ కాలంలో, ఏ లోహంతో కట్టారో తెలుసుకోవడం మంచిది. పోత ఇనుము అణచే బలాన్ని బాగా తట్టుకుంటుంది గాని, లాగే బలానికి పెళుసుగా విరుగుతుంది; చేత ఇనుము, ఉక్కు సాగి నిలుస్తాయి. స్కాట్లాండులోని టే వంతెన 1879 డిసెంబరు 28 రాత్రి తుఫానులో, రైలు దాని మీద ఉండగానే కూలిపోయింది. విచారణలో రూపకల్పనను, నిర్మాణాన్ని, సంరక్షణను మూడింటినీ తప్పుపట్టారు. సంరక్షణ కూడా ఆ జాబితాలో ఉందన్న సంగతిని గుర్తుంచుకుని వెళితే, వంతెన దగ్గర మనం చూసే ప్రతి చిన్న పనికీ అర్థం తెలుస్తుంది.

పట్టాల మీదికి ఎప్పుడూ వెళ్లకూడదు. గట్టు మీది నుంచి, వంతెన కింద ప్రజలకు అనుమతి ఉన్న దారి నుంచి బైనాక్యులర్లతో చూస్తే కావలసినంత కనిపిస్తుంది. ఉదయం, సాయంత్రం ఏటవాలుగా పడే ఎండలో రివెట్ల (పలకలను కలిపి బిగించే లోహపు మేకుల) తలలు, రేకుల వంపులు స్పష్టంగా తేలుతాయి. వాన వెలిసిన వెంటనే వెళ్లగలిగితే మరీ మంచిది, ఎందుకంటే నీరు ఎక్కడ జారిపోతోందో, ఎక్కడ నిలిచిపోతోందో అప్పుడే తెలుస్తుంది.

తుప్పు అంతా ఒకేలాంటిది కాదు. పైపైన కనిపించే గోధుమరంగు మరక కంటే, ఒకదానిపై ఒకటి పరచిన రెండు పలకల మధ్య పుట్టే తుప్పు ప్రమాదకరం. తుప్పు తాను తినేసిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పలకలను విడదీస్తూ, రివెట్లపై ఒత్తిడి పెంచుతుంది. ఏదైనా రివెట్ తల కింద ఎర్రటి చార కనిపిస్తే అది వదులైందేమోనని అనుమానించవచ్చు. తనిఖీ చేసేవారు చిన్న సుత్తితో తట్టి, మోగే శబ్దాన్ని బట్టి, చేతికి తగిలే అదురును బట్టి దాన్ని నిర్ధారిస్తారు.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేవి బేరింగులు, అంటే వంతెన దూలాలు స్తంభాల మీద ఆనే చోటి ఆనికలు. నూరు మీటర్ల ఉక్కు గర్డరు (దూలం) ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మారితే సుమారు 48 మిల్లీమీటర్లు సాగుతుంది లేదా కుంచించుకుంటుంది. అందుకే గర్డరు ఒక కొసను కదలకుండా బిగించి, రెండో కొసను రోలర్ల మీద గాని, జారే పలకల మీద గాని ఆనిస్తారు. ఆ చోట మట్టి, చెత్త పేరుకుంటే కదలిక ఆగి, ఆ బలం స్తంభాల మీద పడుతుంది. కాబట్టి బేరింగులు శుభ్రంగా, గ్రీజుతో ఉన్నాయో లేదో తప్పక చూడండి.

రాతి స్తంభాల్లో పగుళ్లు, అతుకుల్లో మొలిచిన మొక్కలు, ప్రవాహం కోసేసిన అడుగుభాగం గమనించదగినవి. సున్నపు గచ్చుతో కట్టిన చోట గట్టి సిమెంటు పూసి ఉంటే, తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి రాయే దెబ్బతింటుందని గుర్తించాలి.

రంగు పని జరుగుతూ ఉంటే అదృష్టమే. స్కాట్లాండులోనే 1890లో ప్రారంభమైన ఫోర్త్ రైలు వంతెనకు రంగు వేయడం ఎన్నటికీ ముగియదనే నానుడి ఇంగ్లీషులో ఉంది. కానీ సుమారు 65 లక్షల రివెట్లున్న ఆ వంతెనపై పాత పొరలన్నిటినీ తొలగించి, గాజు రేణువులు కలిపిన ఎపాక్సీ అనే గట్టి జిగురు పూతతో సహా మూడు పూతలు వేసే పని 2011లో పూర్తయింది. ఇరవై ఏళ్లకు పైగా నిలవాలన్నది ఆ పూతల లక్ష్యం. ఇలాంటి పనుల్లో పరంజా చుట్టూ తెరలు కట్టడం చూస్తాం. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక ఆ పొడి నీటిలో పడకుండా ఆపాలి.

చివరగా, నిలబడిన చోటును, తేదీని రాసుకుని అక్కడి నుంచే ఫోటోలు తీయండి. మరుసటి ఏడు అదే చోట నిలబడి తీసిన ఫోటోను పక్కన పెట్టి చూస్తే, ఏ చార పొడవు పెరిగిందో, ఏ రివెట్‌ను మార్చారో మీకే కనిపిస్తుంది.