సినిమా డిగ్రీలో మొదటి డైలాగ్ సీన్ తీయడం ఎలా?

ఇద్దరు నటులు, ఒక గది, రెండు నిమిషాల సంభాషణ. ఫిల్మ్ అండ్ టెలివిజన్ డిగ్రీ మొదటి ఏడాదిలో సాధారణంగా ఇచ్చే ఎక్సర్‌సైజ్ ఇది. కెమెరా మీద అందరూ దృష్టి పెడతారు. సీన్ పాడయ్యేది మాత్రం ఎక్కువగా సౌండ్ దగ్గరే.

స్క్రిప్టు రెండు పేజీలు దాటనివ్వకండి. ఫార్మాట్ సరిగ్గా ఉంటే పేజీకి తెరమీద సుమారు ఒక నిమిషం పడుతుంది. సీన్ మొత్తం ఇద్దరూ కనిపించేలా తీసే ఒక మాస్టర్ షాట్, ఒకరి భుజం మీదుగా ఎదుటివారు కనిపించేలా చెరొకటి, చెరొక క్లోజప్: ఐదు షాట్లు చాలు. గది ప్లాన్ గీసి నటులిద్దరి మధ్య ఒక గీత పెట్టుకోండి. కెమెరా ఎప్పుడూ ఆ గీతకు ఒకే పక్కన ఉండాలి. గీత దాటి తీస్తే, కట్ చేసినప్పుడు ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు కనిపిస్తారు.

కెమెరాలో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం 1/50 సెకను పెట్టండి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట దీనివల్ల లైట్ల మిణుకు రాదు. వెలుగును బట్టి కెమెరా తనంతట తానే రంగులు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేయండి. లేకపోతే ఒకే షాట్‌లో ముఖం రంగు మారిపోతుంది.

ఇక సౌండ్. రికార్డింగ్‌కు ముందు ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ మళ్ళీ వేయడం మర్చిపోకుండా బండి తాళాలు అందులోనే పెట్టేయండి, అవి లేకుండా ఇంటికి వెళ్ళలేరు కదా. బూమ్ మైక్ (పొడవాటి కర్ర చివర పట్టుకునే మైక్) ఫ్రేముకు అంచున, పైనుంచి, నోటివైపు తిరిగి ఉండాలి. ఫ్రేములో పడనంతవరకు ఎంత దగ్గరైతే అంత మంచిది. దూరం పెరిగేకొద్దీ గొంతు తగ్గి గది మోత పెరుగుతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేస్తూ, గట్టిగా పలికే మాటలు -12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా లెవెల్ పెట్టండి. రికార్డర్ పట్టగల గరిష్ఠ స్థాయి సున్నా; అది దాటి చిట్లిన మాట ఎడిటింగ్‌లో బాగుపడదు.

క్లోజప్‌లో ఒకరి డైలాగ్ మీద ఇంకొకరి మాట పడకూడదు. పడితే అక్కడ కట్ చేయలేరు. మాటలు ఢీకొనాల్సిన వాదన అయితే ఆ పని ఎడిటింగ్‌లో చేసుకోవచ్చు. "కట్" కూడా డైలాగ్ అయిన వెంటనే అనకండి, మూడు నాలుగు సెకన్లు ఆగండి. నటుడి ముఖంలో అసలు స్పందన చాలాసార్లు అప్పుడే వస్తుంది.

లొకేషన్ వదిలేముందు అందరూ కదలకుండా నిలబడి, మైక్ అక్కడే ఉంచి, 30 సెకన్లు గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. రూమ్ టోన్ అనేది ఇదే. డైలాగుల మధ్య ఖాళీల్లో ఇది వేయకపోతే సౌండ్ తెగి తెగి వినిపిస్తుంది.

కంటిన్యుటీ (షాటుకూ షాటుకూ వివరాలు ఒకేలా ఉండటం) చూసేవాళ్ళు ఏ మాట దగ్గర కప్పు ఎత్తారో, ఏ చేత్తో ఎత్తారో స్క్రిప్టు మీదే రాసుకోవాలి. కెమెరా మెమరీ కార్డును ఫార్మాట్ చేసేముందు రెండు వేర్వేరు డ్రైవుల్లో కాపీ చేసి, ఫైళ్ళు తెరిచి చూడండి.

ఫిల్ముతో పాటు రిపోర్టు కూడా అడిగితే, అనుకున్న షాటు ఎందుకు మార్చారో ఆ సాయంత్రమే రాసిపెట్టుకోండి. నెల తర్వాత కారణం గుర్తుండదు, "సమయం చాలలేదు" అన్న ఒక్క వాక్యమే మిగులుతుంది.