పెప్టైడ్ పౌడర్ వచ్చింది, ఇప్పుడేటి చెయ్యాలి?

ల్యాబ్ పనికి ఆర్డర్ పెట్టిన పెప్టైడ్ (అమైనో యాసిడ్ల చిన్న గొలుసు) పౌడర్ వచ్చి, కొరియర్ అబ్బాయి ఐస్ ప్యాకుల పెట్టె ఇచ్చెళ్ళగానే అందరం చేసే మొదటి తప్పు ఆ బుడ్డి వయల్ మూత వెంటనే తీసెయ్యడం. నేనూ అదే చేశాను. విజయనగరంలో ఆగస్టు, కరెంటు పోయి ఏసీ ఆగిపోయింది, ఐస్ పెట్టెలోంచి తీసిన వయల్ చల్లగా ఉండగానే తెరిచాను, దూదిలా ఉన్న పౌడర్ కాసేపట్లో తేమ పట్టి గాజుకి అంటుకుని జిగురైపోయింది. పలాస జీడిపప్పు ప్యాకెట్ వానాకాలంలో విప్పి ఒగ్గేస్తే మెత్తబడుద్ది చూడండి, అచ్చం అలాగే, కాకపోతే జీడిపప్పు మళ్ళీ వేయించుకోవచ్చు. అందుకని బేగి బేగి తెరవొద్దు, డెసికేటర్లో (తేమ పీల్చే డబ్బా) ఓ గంట ఉంచి బయటి వేడికి వచ్చాక, పొడి అడుక్కి దిగేలా సెంట్రిఫ్యూజ్‌లో ఒక తిప్పు తిప్పి అప్పుడు మూత తియ్యండి.

నా పెప్టైడ్ ఇన్సులిన్ బి 9-23. ఇన్సులిన్‌లో బి చైన్ అనే గొలుసులో 30 అమైనో యాసిడ్లుంటే అందులో 9 నుంచి 23 దాకా 15 అన్నమాట. ఎన్‌ఓడీ అనే రకం ల్యాబ్ ఎలుకలకి సుగర్ వాటంతటదే వస్తది, వాటి టీ సెల్స్ (రోగనిరోధక కణాలు) ముఖ్యంగా పట్టుకునేది ఈ ముక్కనే. 16వ చోట టైరోసిన్ బదులు అలనిన్ ఉన్న ఇన్సులిన్ మాత్రమే ఉండేలా పెంచిన ఎలుకలకి సుగర్ రాలేదని 2005లో చూపించారు, ఒక్క అమైనో యాసిడ్ మారితే అంత తేడా.

ఇప్పుడు లెక్క. వయల్ మీద 1 మిల్లీగ్రామ్ అని ఉంటే అదంతా పెప్టైడ్ అనుకోకండి, అందులో ఉప్పు, తేమ కూడా ఉంటాయి, వయల్‌తో వచ్చే కాగితంలో నెట్ పెప్టైడ్ కంటెంట్ అని వేరే ఉంటది, ప్యూరిటీ 95 శాతం అన్నది (ఉన్న పెప్టైడ్‌లో సరైనది ఎంత అని) దాంతో సంబంధం లేని సంగతి. ఉదాహరణకి నెట్ 75 శాతం అనుకుందాం, అసలు సరుకు 0.75 మిల్లీగ్రామే, ఈ పెప్టైడ్ మాలిక్యులర్ వెయిట్ సుమారు 1646, అంటే 1 మిల్లీమోలార్ గాఢత ఉన్న స్టాక్‌కి (ముందుగా కలిపి పెట్టుకునే చిక్కటి ద్రావణం) పొయ్యాల్సిన ద్రవం 456 మైక్రోలీటర్లు. ఇది చూసుకోకుండా 607 పోసేసి, టీ సెల్స్ స్పందించట్లేదేటి అని నెల రోజులు తలపట్టుకునేవాళ్ళని చూశాను.

దేంట్లో కరిగించాలి అన్నదే అసలు తలనొప్పి. 19వ చోట సిస్టీన్ ఉంది, రెండు సిస్టీన్లు కలిసాయంటే జంటలు కట్టేస్తాయి, ఇదే ఆక్సిడేషన్. డీఎంఎస్‌ఓ అనే సాల్వెంట్‌లో (కరిగించే ద్రవం) వేస్తే అది ఇంకా ఎక్కువ, బేస్ (క్షారం) కలిపి పీహెచ్ పెంచినా అంతే. నేనైతే ఆక్సిజన్ పోయేలా నైట్రోజన్ బుడగలు పంపిన స్టెరైల్ నీళ్ళు ముందు కొంచెం పౌడర్ మీద ట్రై చేస్తాను, కరక్కపోతే పదో వంతు డీఎంఎఫ్ అనే ఇంకో సాల్వెంట్ కలుపుతాను. సెల్స్‌కి 10 మైక్రోమోలార్‌లో పెట్టేసరికి స్టాక్ వంద రెట్లు పలచనౌద్ది, డీఎంఎఫ్ 0.1 శాతమే మిగుల్తది. ఆర్డర్ పెట్టేటప్పుడే టీఎఫ్‌ఏ (తయారీలో వాడే యాసిడ్) ఉప్పు వద్దు, అసిటేట్ ఇమ్మని అడగండి, టీఎఫ్‌ఏ సెల్స్ పెరుగుదలని చెడగొట్టొచ్చు. కంట్రోల్‌కి, అంటే పోల్చి చూడ్డానికి, కోడిగుడ్డులోని లైసోజైమ్ అనే ప్రోటీన్ ముక్క వాడతారు, అది కూడా ఇదే సాల్వెంట్‌లో కరిగించాలి సుమా.

మా పిన్ని కొడుక్కి చిన్నప్పట్నుంచీ టైప్ 1 సుగర్. మొన్న పండక్కి బొబ్బిలెళ్తే, "ఒరే, ఆ పొడేదో మా గుంటడికి కొంచెం తెచ్చిపెట్టరా" అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఈ పెప్టైడ్ మళ్ళీ మళ్ళీ ఇస్తే ఎన్‌ఓడీ ఎలుకలే అలర్జీ షాక్‌తో చచ్చిపోయాయి పిన్నీ అని చెప్పాను. దీన్నే కాస్త మార్చి 188 మంది పేషెంట్ల మీద ట్రయల్ చేశారు, 2009లో వచ్చిన ఫలితం ఏటంటే ఇన్సులిన్ తయారుచేసే బీటా సెల్స్‌ని కాపాడలేకపోయింది. వాడి ఇన్సులిన్ ఇంజెక్షన్లు వాడికే ఉండాలి. వయల్ మీద రీసెర్చ్‌కి మాత్రమే అని రాసేది ఊరికే కాదు.

కరిగించిన స్టాక్ 20 మైక్రోలీటర్ల చొప్పున 22 ట్యూబుల్లో పంచేసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టండి, ఒక ట్యూబు బయటికి తీసి ఒక్కసారే గడ్డ కరగనివ్వాలి, మిగిలింది పారెయ్యండి, మళ్ళీ ఫ్రీజ్ చెయ్యొద్దు. ఇంకో సంగతి, 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు శ్రీకాకుళం సైడు రోజుల తరబడి కరెంటు లేదు కదా. పొడిగా సీలేసి ఉన్న పౌడర్ కొన్ని రోజులు తట్టుకుంటది, నీళ్ళలో కలిపింది తట్టుకోదు. అందుకే తుఫాను నెలల్లో నేను ఒక్క వయలే కరిగిస్తాను, రెండోది సీలు తియ్యకుండా అలాగే ఉంచుతాను.