స్కర్టింగ్‌కు ముందు గోడ గుంతలు ఇలా పూడ్చాను

బెంగళూరులోని మా పాత ఫ్లాట్‌లో టైల్ స్కర్టింగ్ (గోడ అడుగున నేలను ఆనుకుని ఉండే పట్టీ) తీసేసి చెక్కది వేయిద్దామనుకున్నాం. టైళ్లతో పాటు ప్లాస్టరింగ్ కూడా పెచ్చులుగా ఊడొచ్చింది. "పుట్టీతో కప్పేద్దాం సార్" అన్నాడు కార్పెంటర్. నేను ఒప్పుకోలేదు. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్ల మందానికే. అంగుళం లోతు గుంతలో నింపితే ఎండేకొద్దీ పగులుతుంది, స్క్రూ కూడా పట్టదు.

ముందు సుత్తితో మెల్లగా తట్టి, డొల్లగా మోగిన చోటల్లా ఉలితో రాల్చేశాను. చూడ్డానికి గోడ ఇంకా పాడైనట్టే అనిపిస్తుంది, ఇంట్లోవాళ్లకు టెన్షన్ కూడా. దుమ్ము దులిపి, నీళ్లు చల్లి, సిమెంటు పాలు (నీళ్లలో పలచగా కలిపిన సిమెంటు) పూశాను. గోడ పొడిగా ఉంటే మాల్‌లోని (సిమెంటు, ఇసుక కలిపిన ముద్దలోని) నీటిని పీల్చేసుకుంటుంది, అతుకు నిలవదు.

మాల్‌కి ఒక వంతు సిమెంటుకు నాలుగు వంతులు జల్లించిన ఎం-శాండ్ (రాతిని పొడి చేసి తయారుచేసే ఇసుక) కలిపాను. లోతైన చోట ఒకేసారి కూరితే జారిపోతుంది, అందుకే రెండు పూతలు. మొదటిదాని మీద తాపీ మొనతో గీతలు గీశాను. తర్వాత అల్యూమినియం బద్దను పై గోడకు ఆనించి చదును చేశాను. పూత కాస్త లోపలికి ఉన్నా పర్వాలేదు, స్కర్టింగ్ కప్పేస్తుంది. బయటికి ఉబ్బితేనే చెక్క గోడకు ఆనదు.

కొత్త పూతను కనీసం 7 రోజులు తడపాలి. ఆ తర్వాత బాగా ఆరనివ్వాలి, లేకపోతే చెమ్మకు చెక్క ఉబ్బుతుంది. పాలిథిన్ ముక్కను టేపుతో గోడకు అంటించి, మర్నాడు లోపల చెమ్మ చేరలేదని చూసుకున్నాకే కార్పెంటర్‌ని పిలిచాను. చెక్కకూ గోడకూ మధ్య మిగిలిన సన్నటి సందులో, రంగు పట్టే యాక్రిలిక్ సీలెంట్ వేయించాను.